ఏ లేయర్ పైన, ఏ లేయర్ కింద

మా అక్క కొడుకు ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదువుతున్నాడు, ప్రాజెక్టు సెమిస్టర్. పోయిన వారం రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు వాడి ఫోనంటే డబ్బులకన్నా అయ్యుండాలి, ల్యాబ్‌లో ఏదైనా తగలబెట్టి అయినా ఉండాలి. ఎత్తగానే "మామయ్యా, ఇథైల్ అసిటేట్ నీళ్ల మీద తేలుతుందా, మునుగుతుందా?" అన్నాడు. తేలుతుందిరా, డెన్సిటీ 0.90 కదా అన్నాను. (ఇథైల్ అసిటేట్ అంటే పదార్థాల్ని కరిగించే ఒక ద్రవం, అంటే సాల్వెంట్; నీళ్లతో పూర్తిగా కలవక వేరే లేయరుగా నిలుస్తుంది. ఆ లేయర్లని విడదీసే, అడుగున కుళాయి ఉన్న గాజు పాత్రే ఫన్నెల్.)

"మరి నా ఫన్నెల్లో అడుగునుంది."

"రెండు లేయర్లూ ఉన్నాయా, ఒకటి సింకులో పోసేశావా?"

"పోయలేదు, మళ్లీ రెండూ ఫన్నెల్లోనే ఉన్నాయి."

"అయితే బతికిపోయావు. మూత పెట్టి పడుకో, పొద్దున మాట్లాడదాం" అని పెట్టేశాను. వాడు పడుకున్నాడో లేదో గానీ నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇదే తమాషా నాకు అరలీటరు ఫన్నెల్లో కాదు, మూడు వేల లీటర్ల రియాక్టర్లో జరిగింది.

మా చదువప్పుడు లేయర్ల గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. సీనియర్లు ఒక్క ముక్క అప్పజెప్పారు: క్లోరిన్ ఉంటే కింద, లేకపోతే పైన. మిథిలీన్ క్లోరైడ్ 1.33, క్లోరోఫామ్ 1.49, ఈడీసీ (ఇథిలీన్ డైక్లోరైడ్) 1.25, ఇవి నీళ్లకంటే బరువు కాబట్టి అడుగుకి. టోలిన్ 0.87, హెక్సేన్ 0.66, ఈథర్ 0.71, ఇవి పైకి. పరీక్షలు గట్టెక్కడానికి ఇది చాలు. కానీ క్లోరోబ్యూటేన్‌లో క్లోరిన్ ఉంది, డెన్సిటీ 0.89, హాయిగా తేలుతుంది. ఇక ప్లాంట్లలో డ్రమ్ముల్లో వచ్చే చిక్కటి కాస్టిక్ లై (సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు) తీసుకోండి, దాని డెన్సిటీ 1.5 దాటుతుంది. దాన్ని పలచన చేయకుండా మిథిలీన్ క్లోరైడ్‌లో పోస్తే ఎప్పుడూ అడుగునుండే మిథిలీన్ క్లోరైడ్ పైకెక్కి కూర్చుంటుంది. అలవాటు ప్రకారం "కిందిదే నా మెటీరియల్" అనుకుని బాటమ్ వాల్వ్ తిప్పినవాడికి దొరికేది కాస్టిక్. పాత్రలో ఉన్న రెండు ద్రవాల్లో ఆ క్షణాన ఏది బరువైతే అది కింద, అంతే. పుస్తకంలో ఉన్న డెన్సిటీ ఒట్టి సాల్వెంట్‌ది, మన పాత్రలో ఒట్టి సాల్వెంట్ ఎప్పుడుంటుంది?

అసలు రెండు లేయర్లు ఎందుకు పడతాయన్నదానికి మాకు చెప్పిన సమాధానం నీళ్లకీ నూనెకీ పడదని. అత్తాకోడళ్ల వ్యవహారం లాగా. నిజానికి పడకపోవడమేమీ లేదు, నూనె అణువుకీ నీటి అణువుకీ మధ్య కూడా ఎంతో కొంత ఆకర్షణ ఉంటుంది. కాకపోతే నీటి అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు చాలా గట్టిది. మధ్యలోకి హెక్సేన్ లాంటిది దూరితే ఆ చేతులు పట్టుకోవడానికి దానికేమీ ఉండదు. దాని చుట్టూ నీటి అణువులు తమ బంధాలు పోకుండా ఒక వరసలో సర్దుకుని నిలబడాలి, మామూలుగా అటూ ఇటూ తిరిగే స్వేచ్ఛ పోతుంది. ఆ ఖర్చు నీళ్లకి గిట్టదు. అందుకే హెక్సేన్ అణువులన్నీ ఒకచోట పోగవుతాయి, నీళ్లన్నీ ఒకచోట. ఇథైల్ అసిటేట్‌కి ఆక్సిజన్లున్నాయి కాబట్టి అది నీళ్లతో కొంచెం చేయి కలపగలదు. మిథనాల్, అసిటోన్‌లకైతే అడ్డే లేదు, ఎంత పోస్తే అంతా కలిసిపోతాయి.

ఈ "కొంచెం చేయి కలపడం" చాలామంది పట్టించుకోరు. లేయర్లు విడిపోయాయంటే ఇటు ఒట్టి సాల్వెంట్, అటు ఒట్టి నీళ్లు ఉన్నట్టు కాదు. మామూలు ఉష్ణోగ్రతలో నీటి లేయర్లోకి సుమారు 8 శాతం ఇథైల్ అసిటేట్ వెళ్లిపోతుంది, ఇథైల్ అసిటేట్ లేయర్లో సుమారు 3 శాతం నీళ్లు దాక్కుంటాయి. అదే టోలిన్ అయితే లీటరు నీటికి అర గ్రాము. వెయ్యి లీటర్ల నీళ్లతో వాష్ చేశామంటే (సాల్వెంట్‌లోని మలినాలు పోయేలా కడిగామంటే) దాదాపు 80 కిలోల ఇథైల్ అసిటేట్‌ని డ్రెయిన్‌కి సాగనంపినట్టే. టోలిన్‌తో అదే పని చేస్తే అర కిలో. స్టోర్స్ వాళ్లు నెలాఖరున సాల్వెంట్ లెక్క తేలట్లేదని గోల పెడితే నేను ముందు ఆ నీటి లేయర్ల దిక్కే చూస్తాను.

ఇక ఆ రాత్రి. హైదరాబాద్ శివార్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ యూనిట్, కంపెనీ పేరు అక్కర్లేదు. జనవరి, సీ షిఫ్ట్, నేను చేరి ఏడాదిన్నర. ఒక బ్రోమో ఇంటర్మీడియట్ (బ్రోమిన్ ఉన్న, మందు తయారీలో మధ్య దశ పదార్థం), బ్యాచ్‌కి 300 కిలోలు. రియాక్షన్ అయ్యాక ఇథైల్ అసిటేట్‌లో ఉన్న మెటీరియల్‌ని మూడుసార్లు కడగాలి: ముందు 10 శాతం సోడా యాష్ నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు, చివర ఉప్పునీళ్లు. ప్రతిసారీ అరగంట కలపాలి, అరగంట సెటిల్ చేయాలి, కింది లేయర్ తీసేయాలి. బీఎంఆర్‌లో, అంటే బ్యాచ్ ఎలా చేయాలో రాసి ఉండే రికార్డులో, ఒక్కో వాష్‌కి రెండే రెండు లైన్లు.

ఆ నెలలోనే ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చి ఇథైల్ అసిటేట్‌ని 1500 లీటర్ల నుంచి 1000కి దించారు. ల్యాబ్‌లో చూశాకే దించారు, అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత తెలిసిందేంటంటే ల్యాబ్‌లో రెండో వాష్ కూడా ఉప్పునీళ్లతోనే లాగించేశారు.

మొదటి వాష్ బాగానే విడిపోయింది. రెండోది నీళ్లు పోసి కలిపి, స్టిర్రింగ్ ఆపి అరగంట తర్వాత సైట్ గ్లాస్‌లోంచి టార్చ్ కొట్టి చూస్తే పలచటి మజ్జిగలా ఉంది. ఇంకో అరగంట ఇచ్చాం, మజ్జిగే. మా సీనియర్ ఆపరేటర్ అన్నకి ఈ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం, "ఆగుండ్రి సార్, గదే ఇడిపోతది" అన్నాడు. ఆగాను. ఒంటిగంటయింది. నాకు టెన్షన్ పెరిగి ఇంకో రెండొందల లీటర్ల నీళ్లు పోయించాను, ఎందుకంటే ఏదో ఒకటి చేస్తే చేసినట్టుంటుంది కదా. మళ్లీ కలిపించాను, ఈసారి ఆర్‌పీఎం కూడా పెంచి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, చేయకూడనివన్నీ వరసపెట్టి చేశాను.

రెండున్నరకి అన్న శాంపిల్ బాటిల్ పట్టుకొచ్చి లైటుకి అడ్డం పెట్టాడు. "సార్, ఇగో సూడుండ్రి. గీ బొట్టు మీదికి పోతలేదు, కిందికి దిగుతలేదు. నడిమిట్లనే నిలవడ్డది."

నిజమే. బఠాణీ గింజంత చుక్క, గుండ్రంగా, నీళ్ల మధ్యలో వేలాడుతోంది. ఎమల్షన్ (ఒక ద్రవం ఇంకోదాంట్లో సన్నగా చెదిరి విడిపోని మిశ్రమం) అయితే ఇంత పెద్ద చుక్కలుండవు, కంటికి ఆనని నలకలుంటాయి. ఇంత చుక్క కదలట్లేదంటే ఒక్కటే కారణం, దాని బరువూ నీళ్ల బరువూ ఒకటైపోయాయి. లాగ్ బుక్ వెనక పేజీలో లెక్క వేశాను. 1000 లీటర్ల ఇథైల్ అసిటేట్ 900 కిలోలు. దాంట్లో 300 కిలోల మెటీరియల్. బ్రోమిన్ ఉన్నది కాబట్టి దాని డెన్సిటీ 1.6 అనుకుంటే అది ఆక్రమించే చోటు సుమారు 190 లీటర్లు. మొత్తం 1200 కిలోలు, 1190 లీటర్లు. డెన్సిటీ 1.01! నీళ్లు 1.00. పాత పద్ధతిలో 1500 లీటర్లతో వేస్తే 0.98 వచ్చింది, అంటే అప్పుడు కూడా అంచు మీదే నడిచాం, కాకపోతే ఇవతలి అంచు. మొదటి వాష్ ఎందుకు విడిపోయిందో కూడా తెలిసింది, 10 శాతం సోడా యాష్ నీళ్ల డెన్సిటీ 1.10.

(బెల్జియంలో జోసెఫ్ ప్లాటో అనే భౌతిక శాస్త్రవేత్త 1840లలో కావాలనే ఈ పని చేశాడు. ఆల్కహాల్, నీళ్లు సరైన పాళ్లలో కలిపి ఆలివ్ నూనె చుక్కని మధ్యలో నిలబెట్టి, బరువు లేని ద్రవం గోళంగా ఎలా మారుతుందో చూశాడు. ఆయన దానికి ప్రయోగమని పేరు పెట్టాడు, మా ఇన్‌ఛార్జ్ అయితే మెమో అనేవాడు.)

వంద కిలోల ఉప్పు తెప్పించి మేన్‌హోల్‌లోంచి వేయించాం. నీళ్ల డెన్సిటీ 1.06 దాకా లేచింది. పది నిమిషాలు మెల్లగా తిప్పి ఆపితే ఇరవై నిమిషాల్లో సైట్ గ్లాస్‌లో గీత కనిపించింది, గీసినట్టు. అన్న నా దిక్కు చూసి "ఉప్పేస్తే అన్నీ సక్కగైతయ్ సార్" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదన్నా అంటే నవ్వాడు.

ఆ రాత్రి నుంచి నాకు స్టోక్స్ సూత్రం అంటే ఒక భక్తి. 1851 నాటిది. ద్రవంలో చిన్న చుక్క ఎంత వేగంగా లేస్తుందో, మునుగుతుందో చెబుతుంది. డెన్సిటీ తేడా ఎంతుంటే వేగం అంత, చిక్కదనం పెరిగితే వేగం తగ్గుతుంది, చుక్క సైజు రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. లెక్క వేసి చూడండి, 0.1 మిల్లీమీటరు చుక్క, డెన్సిటీ తేడా 0.1, నీళ్లంత పలచటి ద్రవం అనుకుంటే సెకనుకి అర మిల్లీమీటరు కదులుతుంది. మీటరు ఎత్తు దాటడానికి అరగంట. బీఎంఆర్‌లలో కనిపించే ఆ "30 నిమిషాలు సెటిల్ చేయాలి" ఊరికే వచ్చింది కాదన్నమాట, చాలా మామూలు సాల్వెంట్లకి అది సరిపోతుంది. కానీ తేడా 0.01కి పడితే అదే అరగంట ఐదు గంటలు. చుక్క సైజు పదో వంతుకి తగ్గితే వంద రెట్లు, అంటే రెండు రోజులు పైనే. నేను ఆర్‌పీఎం పెంచి చేసిన ఘనకార్యం అదే, చుక్కల్ని పొడి చేశాను.

డెన్సిటీ బాగానే ఉండి కూడా విడిపోనివి వేరే జాతి. ఆ చుక్కల చుట్టూ ఏదో తొడుగు ఉంటుంది: సబ్బు లాంటి లవణాలు, జిగురు తారు, కంటికి కనపడని సన్నటి పొడి. రెండు చుక్కలు తగిలినా కలవవు. ఇది అర్థం కావాలంటే మా అమ్మ పెరుగు చిలకడం చూసి ఉండాలి. పాలలో వెన్న చుక్కల మీద ప్రొటీన్ పొర ఉంటుంది కాబట్టే రోజంతా పెట్టినా పైన మీగడ కడుతుంది తప్ప నెయ్యి తేలదు. కవ్వం ఆ పొరని చింపుతుంది, చుక్కలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ఎండాకాలం అయితే అమ్మ మధ్యలో చన్నీళ్లు పోసేది, లేకపోతే వెన్న జారిపోయి కూడదు. నీళ్లలో కొవ్వు ఉన్నది కాస్తా కొవ్వులో నీళ్లు ఉన్నదిగా తిరగబడుతుంది, వెన్నలో ఆరో వంతు నీళ్లే మరి. రియాక్టర్లో మనకి కావలసిందీ అదే, చుక్కలు కలవాలి. కాకపోతే కవ్వం పని మాత్రం రివర్స్, ఇక్కడ ఎంత తిప్పితే అంత పాడు.

ప్లాంట్‌లో దీనికి చేసే వైద్యాలు అందరికీ తెలిసినవే. వదిలేసి టీ తాగి రావడం మొదటిది, సగం సార్లు ఇదే పని చేస్తుంది. ఉప్పు రెండోది, అది నీళ్లని బరువెక్కిస్తుంది, సాల్వెంట్‌ని నీళ్లలోంచి బయటికి తోస్తుంది. కొంచెం వేడి చేస్తే చిక్కదనం తగ్గుతుంది. మిథిలీన్ క్లోరైడ్‌తో మాత్రం వేడి జోలికి వెళ్లొద్దు, 40 డిగ్రీలకే మరుగుతుంది, మన మే నెలలో ఫన్నెల్ మూత దానంతటదే ఎగిరిపోతుంది. ఇవేవీ కాకపోతే మొత్తాన్ని హైఫ్లో (వడపోతకి వాడే ఒక పొడి) బెడ్ మీదుగా ఫిల్టర్ చేయడం. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే రెండు లేయర్ల మధ్య తెట్టులా పేరుకునే ఆ రాగ్ లేయర్‌లో సగం మాయ సన్నటి పొడిదే. పొడి పోతే తెట్టు పోతుంది. మా దగ్గర కొత్తగా వచ్చిన కెమిస్టులు ఆ తెట్టుని "కొంచెమే కదా" అని ఏదో ఒక దిక్కుకి తోసేస్తారు, తర్వాత క్యూసీ (నాణ్యత పరీక్షించే విభాగం) నుంచి రిజల్ట్ వచ్చాక తల పట్టుకుంటారు.

గీత కనపడకపోవడం ఇంకో తలనొప్పి. టోలిన్, నీళ్ల మధ్య గీత దూరం నుంచే మెరుస్తుంది, వాటి వక్రీభవన గుణకాలు (వెలుతురుని ఎంత వంచుతాయో చెప్పే అంకెలు) 1.50, 1.33, తేడా బాగుంది. ఇథైల్ అసిటేట్‌ది 1.37. రెండూ రంగు లేకుండా ఉంటే సైట్ గ్లాస్‌లో గీత దాటిపోయింది కూడా తెలీదు. కండక్టివిటీ ప్రోబ్ (ద్రవంలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచేది) ఉన్న ప్లాంట్లలో బాధ లేదు, ఉప్పున్న నీళ్లు పోతున్నంతసేపు అంకె ఎక్కువ, సాల్వెంట్ రాగానే ధడేల్‌మని పడిపోతుంది. లేని చోట పాత పద్ధతే: బాటమ్ నుంచి కాస్త పరీక్ష నాళికలో పట్టి నీళ్లు పోయాలి. కలిసిపోతే నీటి లేయర్, విడిగా నిలిస్తే సాల్వెంట్. అరనిమిషం పని.

ఇంకో ముక్క, కలిసిపోయే సాల్వెంట్ల గురించి. రియాక్షన్ మిథనాల్‌లో చేసి, దాన్ని డిస్టిల్ చేయకుండా నేరుగా నీళ్లూ ఇథైల్ అసిటేట్ పోసి లేయర్లు రావట్లేదేంటని అడిగేవాళ్లు ఏటా ఒకరిద్దరు తగులుతారు. మిథనాల్ రెండు వైపులా బంధువే, మధ్యవర్తిలా ఇద్దర్నీ కలిపేస్తుంది. ముందు దాన్ని సాగనంపాలి. టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్) అయితే నయం, మామూలు నీళ్లలో పూర్తిగా కలిసిపోయినా, ఉప్పు బాగా వేస్తే విడిగా పైకి వచ్చేస్తుంది.

మెటీరియల్ ఏ లేయర్లోకి వెళ్తుందన్నది వేరే కథ, దాన్ని పీహెచ్ నడిపిస్తుంది. అమైన్‌కి (అమ్మోనియా లాంటి క్షారానికి) ఆమ్లం తగిలితే లవణమై నీళ్లలోకి, కాస్టిక్ తగిలితే మళ్లీ సాల్వెంట్‌లోకి. ఇందులో నాకు బాగా నచ్చిన కథ పెన్సిలిన్‌ది. 1940లో ఆక్స్‌ఫర్డ్‌లో నార్మన్ హీట్లీకి చిక్కు వచ్చింది, ఆమ్లం చేస్తే పెన్సిలిన్ ఈథర్‌లోకి వస్తోంది గానీ అక్కడి నుంచి దాన్ని పాడవకుండా తీయడం కుదరట్లేదు. ఆయన ఆలోచన ఇంత సింపుల్: ఈథర్‌ని ఆమ్లం కాని నీళ్లతో కలిపితే మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది కదా. వచ్చేసింది. ఈ వైపు నుంచి ఆ వైపుకి, ఆ వైపు నుంచి ఈ వైపుకి తిప్పడంలోనే చెత్త అంతా వెనకబడిపోతుంది.

ఒక్కసారి ఎక్కువ సాల్వెంట్‌తో తీయడం కంటే కొంచెం కొంచెంగా మూడుసార్లు తీయడం ఎందుకు మేలో కూడా చిన్న లెక్కే. సాల్వెంట్‌లో నీళ్లలోకంటే మూడు రెట్లు కరిగే పదార్థం అనుకోండి. నీళ్లతో సమానంగా సాల్వెంట్ ఒకేసారి పోస్తే నీళ్లలో 25 శాతం మిగిలిపోతుంది. అదే సాల్వెంట్‌ని మూడు వాటాలు చేసి మూడుసార్లు పోస్తే మిగిలేది 12.5 శాతం. ఖర్చు అంతే, నష్టం సగం. పోయేదల్లా టైము.

మా బ్రోమో బ్యాచ్ సంగతికొస్తే, మర్నాడు రెండో వాష్‌ని బీఎంఆర్‌లో ఉప్పునీళ్లకి మార్చారు. నేను కొన్నాళ్లు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. రెండు నెలలకి ఈటీపీ (వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్) ఇన్‌ఛార్జ్ మా బ్లాక్‌కి వచ్చి "మీ లేయర్లు విడిపోయాయి సరే, నా నీళ్లలో టీడీఎస్ పెరిగిపోయింది, ఈ ఉప్పుని నేనెక్కడ విడదీసుకోవాలి?" అని నిలదీశాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క. ఉప్పు ఎక్కడికీ పోదు కదా, మేం రియాక్టర్లో వేసిందల్లా ఆయన ఎవాపరేటర్లో బస్తాలుగా తేలుతుంది, ఆవిరి ఖర్చూ ఆ బస్తాల్ని వదిలించుకునే ఖర్చూ కలిపితే 500 లీటర్ల సాల్వెంట్‌లో మిగుల్చుకున్నదంతా అక్కడే హరించుకుపోయింది. ఆరు నెలలు తిరక్కుండా 1500 లీటర్లు మళ్లీ వచ్చాయి, మామూలు నీళ్లూ వచ్చాయి, సెటిలింగ్ మాత్రం గంట అని రాశారు.

పొద్దున్నే మా వాడికి ఫోన్ చేసి అడిగితే తేలిందేమిటంటే, 8 గ్రాముల డైబ్రోమో కాంపౌండ్‌ని పొదుపుగా 10 మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్‌లో కరిగించి బైకార్బొనేట్ నీళ్లతో కడిగాడు. అది మునగక ఏం చేస్తుంది. ఇంకో 40 మిల్లీలీటర్లు పోయమన్నాను. అరగంట తర్వాత ఫోటో పంపాడు, పసుపు రంగు లేయర్ చక్కగా పైన, నీళ్లు కింద, మధ్య గీత అద్దంలా. దాని కింద మెసేజ్: "పైకొచ్చింది మామయ్యా, కానీ స్టాప్‌కాక్ తిప్పితే కింద నుంచి చుక్క కూడా పడట్లేదు."

ఫోటో పెద్దది చేసి చూశాను. ఫన్నెల్‌కి మూత బిగించే ఉంది.